విడుపు లేని పథ్యం

మా వైపు పథ్యానికి విడుపు ఉంటుంది. పచ్చకామెర్లకు పసరు తాగినవాడికైనా, టైఫాయిడ్ నుంచి లేచినవాడికైనా ఒక రోజు చూసుకుని తలంటి పోస్తారు. అంతవరకు దూరంగా ఉంచిన వంటకాలన్నీ వండి, కంచం ముందు కూర్చోబెట్టి, ఇంటి పెద్ద ఆడమనిషి ఎవరో ఒకరు "ఇంక తిను" అంటారు. మేం క్రైస్తవులం, ముహూర్తాలు చూడం గానీ పథ్యాలు, విడుపులు మాకూ ఉన్నాయి. ఆ మాట వినే రోజు ఒకటి వస్తుందన్న నమ్మకం మీదే మనిషి చప్పిడి కూడు మింగుతాడు. షుగరు జబ్బుకు అలాంటి రోజు లేదని మా ఇంట్లో అందరికీ అర్థమయ్యేసరికి నా కుడికన్ను పోయింది.

ఇది నేను చెబుతుంటే నా భార్య సలోమి రాస్తోంది. ఏలూరులో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో నా ఉద్యోగమంతా ఇతరులు రాసింది దిద్దడంతోనే గడిచింది. ఇప్పుడు నేను చెప్పింది ఆవిడ దిద్దుతోంది. ఆవిడ స్కూలు టీచరు. నా వాక్యాలు మరీ పొడుగని ఫిర్యాదు. కొత్తగా షుగరు వచ్చినవాళ్లెవరైనా చదివితే మేం పడిన గోతిలో పడకుండా ఉంటారేమోనని ఈ ప్రయత్నం. అంతకు మించి ఆశ పెట్టుకోలేదు.

2003 వేసవి

దాహంతో మొదలైంది. మే నెలలో ఏలూరులో దాహం వేస్తే దాన్ని జబ్బని ఎవరనుకుంటారు? నింపిన కుండ నింపినట్టే ఖాళీ అవుతోందని సలోమి విసుక్కునేది. ప్యాంట్లు నడుము దగ్గర వదులైతే ఆఫీసులో మెచ్చుకున్నారు. సాయంత్రమయ్యేసరికి అరికాళ్లు మండేవి. చెప్పులు విప్పి చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించి పనిచేసేవాణ్ణి. చివరికి సలోమి పోరు పడలేక పవర్‌పేటలో మాకు అలవాటైన డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్లు చాలామంది తెలిసినవాళ్లే. లోపలి నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తుంటే ముఖం చూసి, ఏం చెప్పి ఉంటారో ఊహిస్తూ కూర్చున్నాను. నేను బయటికి వచ్చినప్పుడు వాళ్లూ నా ముఖం అలాగే చూశారు.

"షుగరు వచ్చిందండీ. కంగారు పడే పనేం లేదు" అన్నారు డాక్టరు గారు. "మాత్రలు వేసుకోండి. అన్నం తగ్గించండి. రోజూ నడవండి. ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి."

"కళ్లు బాగానే కనపడుతున్నాయండీ."

"కనపడుతున్నప్పుడే చూపించుకోవాలండీ."

ఆ చివరి మాటను మేం వరండా మెట్లు దిగకముందే మర్చిపోయాం. ఇంటికి చేరేసరికి మిగిలిన మాటలన్నీ కలిసి ఒకే మాటయ్యాయి: పథ్యం. సలోమి ఆ సాయంత్రం నుంచే చేపలు, కోడి, గుడ్లు, వేపుళ్లు ఆపేసింది. బీరకాయ, పొట్లకాయ తెచ్చింది. పథ్యం కూరలంటే మా ఇళ్లలో అవే. కూర చప్పగా ఉంటే మనిషి తినలేడు, తినకపోతే నీరసిస్తాడు. అందుకని ఆవిడ చారు కాచి అన్నం కాస్త ఎక్కువ పెట్టేది. కొల్లేరు ఒడ్డున పుట్టినవాడి కంచంలోంచి చేప తీసేస్తే మిగిలేది అన్నమే. నేను దాన్నే తిన్నాను, కష్టపడుతున్నానని నమ్ముతూ తిన్నాను.

మా అక్క రాహేలు కైకలూరు దగ్గర లంక ఊళ్లో ఉంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. బావ మరి కొందరితో కలిసి చేపల చెరువు చేసేవాడు. సంగతి తెలిసి ఫోను చేసింది.

"ఏరా తమ్ముడూ, పథ్యం ఎన్నాళ్లంట?"

"చెప్పలేదక్కా."

"చెప్పకపోవడమేంట్రా? మందిచ్చినోడు విడుపు చెప్పడా? అడిగి కనుక్కో."

కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయిస్తే షుగరు ఇంకా పెరిగింది. డాక్టరు గారు కాగితం తిప్పి తిప్పి చూశారు.

"ఏం తింటున్నారండీ?"

"ఏమీ తినట్లేదండీ. పథ్యంలో ఉన్నాను."

"అన్నం?"

"అన్నం తింటాను కదండీ."

ఆయన కలం బల్ల మీద పెట్టేశారు.

2005 చలికాలం

రెండేళ్లు అలా పైకీ కిందకీ ఊగుతూ గడిచాయి. మాత్రలు పెరిగాయి. అరికాళ్ల మంట మోకాళ్ల వరకు పాకింది. అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి వార్తలు పంపే మిత్రుడు ఒకాయన గురించి చెప్పాడు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. ఆయనకూ షుగరే. ఆదివారాలు ఒక రైసుమిల్లు మేడ మీద హాల్లో పదిమందిని కూర్చోబెట్టి, మొక్కల నుంచి వచ్చేది మాత్రమే తిని జబ్బును అదుపులో పెట్టుకోవడం ఎలాగో చెబుతారట.

పాసింజరు బండిలో వెళ్లాం. స్టేషను దిగిందగ్గర్నుంచి ఉల్లిపాయల వాసన. మిల్లులోకి వెళితే తవుడు వాసన. మెట్ల పక్కన తవుడు బస్తాలు దాణాకి వెళ్లడానికి సిద్ధంగా ఉండేవి. మాస్టారు పాఠం అక్కడే మొదలుపెట్టేవారు.

"గింజ మీద ఉన్న మంచంతా గేదెకి పంపించి, తెల్లటి పిండి మనం తింటున్నామండీ. గేదెకి షుగరు లేదు, చూడండి."

అందరూ నవ్వేవారు. తర్వాత ఆయన కంచం గీసి చూపించేవారు. సగం కంచం ఆకుకూరలు, కాయగూరలు. మిగిలిన సగంలో ఒక వైపు ఉలవలో పెసలో శనగలో. ఇంకో వైపు గుప్పెడు దంపుడు బియ్యం లేదా ఒక జొన్న రొట్టె. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం లేవు. పంచదార, బెల్లం సరే సరి.

"శాకాహారం అంటే పులిహోర, గారెలు, పరమాన్నం అనుకునేవాళ్లు ఇప్పుడే బండెక్కెయ్యండి" అనేవారు. ప్రతి క్లాసు చివరా ఇంకొకటి కూడా చెప్పేవారు. "నేను డాక్టర్ని కాను. మాత్రల జోలికి నేను రాను, మీరూ వెళ్లకండి. తగ్గించినా ఆపినా మీ డాక్టరు గారే."

సలోమి అన్నీ వినేది. మా ఇంట్లో పొయ్యి మారిపోయింది. తోటకూర, గోంగూర, మునగాకు, చిక్కుళ్లు. నూనె చుక్క. ఉలవలు ఉడికిన వాసన. మొదట్లో కంచం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. ఇదేమైనా ఎగతాళి మాట అనుకుంటారేమో. కాదు, నిజంగా కళ్లలో నీళ్లు తిరిగేవి. యాభై దాటిన మగాడు తోటకూర చూసి కన్నీళ్లు పెట్టుకుంటే భార్యకు ఏం చెప్పాలో తెలియదు. ఆవిడ తన కంచంలోనూ అదే పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తినేది.

ఆఫీసులో టిఫిన్ బాక్సు తీస్తే చాలు, పక్క బల్లల వాళ్లు మొదలెట్టేవారు.

"గురువుగారూ, మేకకి షుగరొస్తుందా అండీ?"

"రాదురా. అందుకే మేకనయ్యాను."

"మరి జాగ్రత్తండీ. ఆదివారం పూట మాకు మేకని చూస్తే ఆకలేస్తుంది."

ఆ చలికాలం చివరికి అరికాళ్లు చల్లబడ్డాయి. రెండేళ్లకు మొదటిసారి మెట్లెక్కుతూ ఆయాసపడలేదు. పరీక్ష చేయిస్తే కాగితం మీద అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. డాక్టరు గారు ఒక మాత్ర తీసేసి, ఒకటి ఉంచారు. "బాగుందండీ. ఇలాగే ఉండండి. ఉన్న మాత్ర మాత్రం మానకండి" అన్నారు. ఆ సాయంత్రం సలోమి మోకాళ్ల మీద చాలాసేపు ప్రార్థన చేసింది. ఇప్పుడు ఆలోచిస్తే మా ఇంట్లో సంతోషంగా ఉన్న ఆఖరి సాయంత్రం అదే. అప్పటికే నా కంటి వెనక ఏం జరుగుతోందో మాకు తెలియదు. చూపించుకోమన్న మాట ఎవరికీ గుర్తులేదు.

2006

సరస్సును కాపాడాలని కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెంచిన ఏడాది అది. ఆ వార్తలన్నీ నా బల్ల మీదుగానే వెళ్లాయి. సరస్సుకు మంచిదని రాసినవి, మనుషులకు చెడ్డదని రాసినవి రెండూ నేనే దిద్దాను. అక్కావాళ్ల చెరువు కూడా ఆ వరసలోనే పోయింది.

గట్టు తెంచిన తర్వాతి ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చేసరికి అక్క మా గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన తడి గోనెసంచి. దానిలో ఏదో ఇంకా కదులుతోంది.

"కొర్రమీనురా" అంది. "మేం వేసింది శీలావతి, బొచ్చె. అవన్నీ నీళ్లతో పాటే పోయాయి. ఇది ఎవరూ వెయ్యకుండానే బురదలో బతికిందిరా. ఆఖరి వల్లో పడింది."

మా వైపు కొర్రమీను పులుసు జబ్బు నుంచి లేచినవాళ్లకు పెడతారు. అక్క ఎందుకొచ్చిందో ఇద్దరికీ అర్థమైంది.

"వదినా, డాక్టరు గారు ఇలాగే ఉండమన్నారు" అంది సలోమి మెల్లగా.

"కాగితంలో అంతా బాగుందని ఫోన్లో నువ్వే చెప్పావుగా?"

"బాగానే ఉంది గానీ..."

"జబ్బు లేనోడికి పథ్యం ఏంటమ్మా? ఎన్నాళ్లు ఎండబెడతావు వాణ్ణి? మొహం చూడు, వడియంలా అయిపోయాడు." నా వైపు తిరిగింది. "ఇంక మా చెరువులో చేపన్నది లేదురా. ఇది నీకు పెట్టకపోతే ఎవరికి పెట్టను?"

చెరువు పోయిన మనిషి. నెత్తిన నూనె పెట్టడానికి చెయ్యి చాపి నిలబడింది. తలంటి పోయించుకున్నాను. పులుసు వండింది. తెల్లటి అన్నం వడ్డించి, చేప నడుం ముక్క వేసి, "ఇంక తిను" అంది. తిన్నాను. అంత రుచి నేను మళ్లీ ఎరగను. ఇందులో అబద్ధం చెప్పి లాభం లేదు.

ఆ ఒక్క పూటతో ఆగితే ఈ రాత ఉండేది కాదు. మా వాళ్లకు ఇంకో నమ్మకం ఉంది. పథ్యం విడిచాక మందు మింగితే వికటిస్తుందంటారు. మందూ పథ్యమూ జంట, ఒకటి పోతే రెండోదీ పోవాలి. అక్క వెళ్తూ వెళ్తూ అది కూడా గట్టిగా చెప్పి వెళ్లింది. చదువుకున్న ఇల్లు మాది. నేను పేపరు మనిషిని, సలోమి టీచరు. అయినా మర్నాడు మాత్ర చేతిలోకి తీసుకుంటే ఇద్దరికీ భయమేసింది. నవ్వొచ్చినా నిజం అదే. మళ్లీ డబ్బాలో వేసేశాను.

అన్నం తిరిగొచ్చింది. పెళ్లి భోజనాలు వచ్చాయి. ఆవకాయ అన్నం వచ్చింది. తాడేపల్లిగూడెం వెళ్లడం మానేశాం. మాస్టారు ఒకసారి ఫోను చేస్తే సలోమి, "తగ్గిపోయిందండీ" అని చెప్పింది. ఆయన, "ఏది తగ్గిందమ్మా?" అని అడిగారట.

2007 వానలు

పొద్దున్నే వరండాలో కూర్చుని పేపరు చూస్తున్నాను. జిల్లా పేజీ పైన నల్లటి మరక. వానకి తడిసి ఇంకు పాకిందనుకున్నాను. పేజీ తిప్పాను. మరక అక్కడా ఉంది. ఆఫీసుకి ఫోను చేసి, ప్రెస్సులో ఇంకు ఒలుకుతోంది, చూసుకోమన్నాను.

"ఇక్కడ కాపీ శుభ్రంగానే ఉందండీ" అన్నారు అవతలి నుంచి.

పేపరు దించి గోడ చూశాను. మరక గోడ మీద ఉంది. సలోమి బయటికి వస్తే ఆవిడ చీర మీద ఉంది. ఎడమకన్ను మూసుకుంటే సగం వరండా లేదు.

ఆ రోజే విజయవాడలో పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. కంటి లోపల రక్తం చిమ్మిందన్నారు. ఆ హాలు నాకు ఇప్పుడు మా ఇంటికన్నా బాగా తెలుసు. కళ్లలో చుక్కలు వేసి వరసగా కూర్చోబెడతారు. అందరూ కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చర్చిలో ప్రార్థన జరుగుతున్నట్టే ఉంటుంది. ఎవరూ దేన్నీ అడగరు, అంతే తేడా. భీమడోలు నుంచి వచ్చే ఒక పెద్దావిడ నా పక్కన కూర్చునేది. చూపు ఆనక గోడ పట్టుకుని నడుస్తుంటే నా భుజం మీద చెయ్యేసి, "నేనూ గుడ్డిదాన్నేనండీ, పదండి, ఇద్దరం పడదాం" అనేది. ఒకసారి, "చీమలకి పొయ్యాల్సిన పంచదార దేవుడు మనకి పోశాడండీ" అంది. హాలంతా కళ్లు మూసుకునే నవ్వింది. తర్వాత తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఎందుకో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

లేజరు చేశారు. మళ్లీ చేశారు. ఆపరేషను కూడా అయింది. కుడికన్ను నిలవలేదు. ఎడమకంట్లో కూడా మొదలైందన్నారు.

నేను కంటి డాక్టరు గారిని ఒకటే అడిగాను. "ఆ చేప తినకుండా ఉంటే కన్ను ఉండేదాండీ?"

"చేప ఏం చేసిందండీ?" అన్నారాయన. "చేపతో పాటు తిన్న అన్నం, మానేసిన మాత్ర, చూపించుకోని కళ్లు. అవి కూడా కాదేమో. మీకు జబ్బు తెలియకముందు ఎన్నేళ్లు ఉందో ఎవరికి తెలుసు? మీరు అన్నీ చేసినా పోయి ఉండొచ్చు."

ఓదార్చడానికే అన్నారు. నాకు మాత్రం తప్పు మాదే అయ్యుంటే బాగుండేదనిపించింది. తప్పు మనదైతే దిద్దుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఆ నెలల్లో ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. సలోమి ఎన్నడూ అక్కను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఇల్లంతా నిండి ఉండేది. అక్క చాలాకాలం మా గుమ్మం తొక్కలేదు. ఇక్కడ సలోమి కలం ఆపింది. రాయమన్నాను. రాసింది.

2008 చివర

మళ్లీ ఉలవలు, తోటకూర, జొన్న రొట్టె, పూటకో మాత్ర. షుగరు అదుపులోకి వచ్చింది. అరికాళ్లు మళ్లీ చల్లబడ్డాయి. ఈ తిండి పనిచేస్తుంది, అది నేను నా ఒంటి మీద చూశాను. ఎవరికైనా అదే చెబుతాను. డాక్టరుతో చెప్పి మొదలుపెట్టండి, మాత్ర మానకండి, కళ్లు చూపించుకోండి, దీన్ని పథ్యం అని మాత్రం అనకండి. అయితే పోయినదాన్ని ఏ ఆకుకూరా తిరిగి తేలేదు. మునుపు తినేటప్పుడు బాగుపడతానని తిన్నాను. ఇప్పుడు తింటే ఎడమకన్ను ఇంకొన్నాళ్లు ఉంటుందేమోనని తింటున్నాను. ఈ రెంటికీ రుచిలో చాలా తేడా ఉంది.

మొన్నటి పరీక్షకు సలోమికి స్కూల్లో సెలవు దొరకలేదు. అక్క వచ్చింది. "నేను తీసుకెళ్తాను" అంది, ఎటో చూస్తూ. బండిలో దారంతా నా మణికట్టు వదల్లేదు.

ఆసుపత్రి హాల్లో అట్ట మీది అక్షరాలు చదివించే గదికి తలుపు ఉండదు. బెంచీ మీద కూర్చుంటే లోపల ఒకరి తర్వాత ఒకరు చదివేది వినిపిస్తూనే ఉంటుంది. అక్కకి చదువు రాదు. నా పక్కన కూర్చుని పొద్దుటి నుంచీ వింటూనే ఉంది.

నా వంతు వచ్చింది. అక్క వెనకాలే వచ్చి నిలబడింది. పోయిన కన్నును కూడా చేత్తో మూసుకోమంటారు, అది పద్ధతి. మూసుకున్నాను. పై అక్షరం చదివాను. రెండో వరస చదివాను. మూడో వరసలో ఒకటి చదివి ఆగాను. పోయినసారి ఆ వరస చివరిదాకా వెళ్లాను.

"తర్వాతదండీ?" అన్నారు డాక్టరు గారు.

నేను చూస్తూనే ఉన్నాను. తెల్లటి అట్ట మీద బూడిద రంగు పొగ.

"ర" అంది అక్క వెనక నుంచి, గుసగుసగా. "ర, గ, ట."

డాక్టరు గారు తలెత్తారు. "అమ్మా, మీరు చెప్పకూడదు."

"పర్లేదులెండి బాబూ, పాపం వాడికి గుర్తు రావట్లేదు. పొద్దుటి నుంచి అందరూ అదే చెప్తున్నారుగా. ర, గ, ట. చెప్పరా తమ్ముడూ."

"గుర్తు రాక కాదక్కా" అన్నాను. "కనపడట్లేదు."

డాక్టరు గారు ఏదో రాసుకుని, "ఉన్నది నిలబెట్టుకుందామండీ" అన్నారు. పోయినసారీ అదే అన్నారు. అప్పుడు ఉన్నది వేరు.

బయటికి వచ్చి చెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం. పథ్యం ఎన్నాళ్లని ఎప్పుడు కలిసినా అక్క అడిగే మాట కోసం ఎదురుచూశాను. ఆవిడ అడగలేదు. సలోమి కట్టిచ్చిన బాక్సు సంచిలోంచి తీసింది. మూత విప్పింది. జొన్న రొట్టె చిన్న చిన్న ముక్కలుగా తుంపింది. తోటకూరలో అద్దింది. నా చెయ్యి వెతికి పట్టుకుని, అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇంక తిను" అంది.